రాత్ అంటే రాత్రి కాదు

నా చిన్నప్పుడు మా బడిలో నాకొక పేరు పెట్టారు. ఆ రోజు తరగతిలో ఎవరు ముందు నవ్వారో, ఎవరు పక్కవాళ్ళను చూసి నవ్వారో, ఎవరు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మా ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బు అంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను. ఎవరైనా నన్నొక మాట అంటే ఆ మాట, అన్నవాళ్ళ ముఖం, ఆ పూట వాళ్ళు వేసుకున్న బట్టల రంగు కూడా నాకు గుర్తుండిపోతాయి. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక ఫిర్యాదే. కాకపోతే రాసి ముప్పై ఏళ్ళు కావస్తున్నా ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వని ఫిర్యాదు.

మాది మేడ్చల్. మా బాపు అత్వెల్లి వైపు ఒక అంగూరు తోటలో, అంటే ద్రాక్షతోటలో, మేస్త్రీ. అప్పట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా అంగూరు పందిళ్ళే ఉండేవి. ఆ పందిళ్ళు మోసిన నిలువు రాతి కడీలను ఇప్పుడు ప్లాట్ల హద్దులకు పాతుకున్నారు. పండు కోయించడం, షెడ్డులో ఆడవాళ్ళ చేత చెక్కపెట్టెల్లో సర్దించి లారీకి ఎక్కించడం బాపు పని. పెట్టెల మీద రాసి ఉండే ఇంగ్లీషు అక్షరాలు తనకు రావన్న బాధ ఆయనకు ఉండేది. ఐదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగులో చదువుకున్న నన్ను తీసుకెళ్ళి, బస్టాండు వెనక కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిలో ఆరో తరగతిలో వేశాడు. బడి మారింది కానీ నా చెవులు మారలేదు. ఏ ఇంగ్లీషు మాట విన్నా అది నాకు తెలిసిన మాటల్లో ఏదో ఒకదానిలాగే వినపడేది.

బెంచీ మీద నా పక్కన అత్వెల్లి పిల్ల కూర్చునేది. వాళ్ళ నాన్న మా బాపు కిందే తోటలో పనిచేసేవాడు. ఆ పిల్ల వాళ్ళక్కను ఏడో తరగతిలోనే బడి మాన్పించి పండ్లు సర్దే షెడ్డులో కూర్చోబెట్టారు. బడి నుంచి ఒక్క మాట వచ్చినా నీకూ ఆ షెడ్డే గతి అని వాళ్ళ నాన్న ఈమెకు ముందే చెప్పి ఉంచాడు. అప్పటికే అర్ధసంవత్సర పరీక్షల్లో పక్కపిల్లతో మాట్లాడుతూ ఒకసారి దొరికిపోయింది. మళ్ళీ దొరికితే టీసీ రాసి చేతిలో పెడతానని పెద్దసారు ప్రార్థనలో అందరి ముందూ అన్నాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

ఆ ఏడు శివరాత్రికి కీసర జాతరకు వెళ్ళి నేను రెండు రోజులు బడి మానేశాను. నేను లేనప్పుడు ఇంగ్లీషు సారు ఎవరో రాజు కథ పాఠం చెప్పి, బోర్డు మీద పది మాటలకు అర్థాలు రాశాడట. నేను తిరిగి వెళ్ళిన రోజే డిక్టేషన్. సారు మాట చెబుతాడు, మేము స్పెల్లింగు రాసి పక్కన తెలుగులో అర్థం రాయాలి. ఆరో మాట 'రాత్' అన్నాడు. నేను ఆ పాఠం వినలేదు, నా పక్కపిల్ల విన్నది. అందుకని తల వంచుకుని గుసగుసగా ఆమెను అడిగాను. ఆమె పెన్ను ఆపకుండానే, రాత్ అంటే రాత్రే గదనే అంది. నాకు ఏ అనుమానమూ రాలేదు. మా ఇంట్లో రాత్ కొత్త మాట కాదు. అంగూరు కోతల రోజుల్లో రాత్ దిన్ పనే అని బాపు రోజూ అనేవాడు. ఇంగ్లీషువాళ్ళు కూడా మనలాగే అంటారు కాబోలని సంతోషపడి, ఆర్ ఎ ఎ టి అని రాసి పక్కన 'రాత్రి' అని పెట్టాను.

మరునాడు సారు కాగితాలు బెంచీల వరసగా తెచ్చి, నా కాగితం పైకి తీసి చదివాడు. "శివరాత్రి ఇంకా ఒడవలేదా నీకు? జాగారం బడిల చేస్తున్నవా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. కానీ అందరికంటే ముందు నవ్వు వచ్చింది నా పక్కనుంచే, నా మోచేతికి తగిలేంత దగ్గర నుంచి. ఆ నవ్వుకు బెంచీ ఊగడం నా ఒంటికి తెలిసింది. అంతలో గంట కొట్టారు. మిగతా కాగితాలు చదవకుండానే సారు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నం గంట కల్లా నా పేరు రాత్ కీ రాణి అయిపోయింది. అది పువ్వు పేరే కదా, రాత్రిపూట పూసి ఎంత మంచి వాసన ఇస్తుందో అని పెద్దయ్యాక ఒకరిద్దరు నన్ను ఓదార్చబోయారు. నాకు వాసన అక్కర్లేదు. నా పేరు నాకు చాలు.

నా లెక్క సూటిగా ఉంది. పాఠం విన్నది తను. తప్పు అర్థం చెప్పింది తను. ముందు నవ్వింది తను. అంటే కావాలనే నన్ను ముంచింది. ఆ పొద్దున నా డబ్బాలోంచి మా అమ్మ పెట్టిన పప్పుగారె తిన్నది కూడా తనే. మధ్యలో సంచి పెట్టి బెంచీని రెండు భాగాలు చేశాను. మాట్లాడబోతే కిటికీ వైపు తిరిగాను.

సాయంత్రం మా పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళాను. అక్కవాళ్ళు చర్చికి వెళ్ళే కుటుంబం. హాస్టల్లో ఉండి ఇంటరు దాకా చదివింది. ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు పాటలు నేర్పేది, మిగతా రోజుల్లో ముందుగదిలో కుట్టుమిషను మీద మా బడి యూనిఫాంలు కుట్టేది. మిషను పక్కన అట్టలు ఊడిన లావుపాటి డిక్షనరీ ఒకటి ఎప్పుడూ ఉండేది. గౌను మీద కట్టుకునే నీలిరంగు గుడ్డ బెల్టు బకిల్ ఊడితే అంతకు రెండు రోజుల ముందే ఆమెకు ఇచ్చి ఉన్నాను. ఆ బెల్టులు నిటారుగా నిలవడానికి లోపల గట్టి కాన్వాసు పెట్టి కుట్టేవారు.

జరిగిందంతా చెప్పాను. అక్క నవ్వలేదు. ఆమె నవ్వలేదన్నది కూడా నాకు గుర్తే. గుర్తు పెట్టుకోవడంలో నేను పక్షపాతం చూపించను. ఆమె డిక్షనరీ తీసి ఆ మాట మీద వేలు పెట్టి చూపించింది. నేను ఆర్ దగ్గర వెతుకుతుంటే ఆమె డబ్ల్యూ దగ్గర తెరిచింది. "ముంగట డబ్ల్యూ ఉంటది, సూడు. కనవడ్తది గని మాట్లాడది. అచ్చం నీ లెక్కనే, మూతి ముడుసుకొని ముంగట నిలవడ్తది," అంది. నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను.

తర్వాత మిషను తొక్కుతూనే ఆ మాట సంగతి చెప్పింది. ఇంగ్లీషులో కోపానికి ఒక్క మాట కాదు, చాలా ఉన్నాయంది. యాంగర్ అంటే మామూలు కోపం, అందరికీ వస్తుంది, పోతుంది. రేజ్ అంటే ఒళ్ళు తెలియని కోపం. మొన్న పందిరి తీగ తెగినప్పుడు మీ బాపు సుత్తి విసిరేశాడే, అలాంటిది. రాత్ వీటన్నిటికంటే పెద్దది, కానీ విసిరేది కాదు, పడేది. దాన్ని వాడేటప్పుడు ఎవరి రాత్ అని చెప్పాలి, ఎవరి మీద పడిందో చెప్పాలి. నేను రాత్‌గా ఉన్నాను అని ఎవరూ అనరట. "రాత్ అంటే శిక్ష వేసేటోళ్ళ కోపం. దేవునికుంటది, రాజుకుంటది, మీ పెద్దసారుకుంటది. నీకు, నాకు ఉండదు," అంది.

ఆ మాట నాకు సారు మాటకంటే ఎక్కువ తగిలింది. అన్ని కోపాల్లోకీ పెద్ద కోపం ఒకటుందట, అది నాకు లేదట. నాకెందుకు లేదు అని అడిగాను. నువ్వు ఎవరికైనా టీసీ ఇవ్వగలవా అంది అక్క. అప్పుడే నాకు దారి దొరికింది. నాకు లేకపోతేనేం, ఉన్నవాళ్ళను అడుగుతాను. పెద్దసారుకు ఫిర్యాదు రాస్తాను, ఇంగ్లీషులో రాస్తాను, ఈ మాటే వాడతాను, తప్పు లేకుండా వాడతాను అన్నాను. ఆ పిల్లకు టీసీ అయితదేమో అంది అక్క. అయితే కానీ అన్నాను. వాళ్ళ నాన్న షెడ్డుకు పంపుతాడేమో అంది. కూర్చోనీ అన్నాను. అక్క కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి నా ముందు పెట్టింది.

రెస్పెక్టెడ్ సార్ అని మొదలుపెట్టి మూడు వాక్యాలు రాయడానికి నాకు పొద్దు గూకింది. పరీక్షలో ఆమె మాట్లాడిందని, తప్పు చెప్పి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిందని, కనుక తమరి రాత్ ఆమె మీద పడాలని వేడుకుంటున్నానని రాశాను. నేను అడిగిన ప్రతి స్పెల్లింగూ అక్క చెప్పింది. ఒక్క మాట ఎక్కువ రాయించలేదు, తక్కువా రాయించలేదు. కింద సంతకం పెట్టి మడిచాను. యూనిఫాం కొలతల కోసం రేపు మీ బడికి వస్తున్నా, కాగితం ఇక్కడ పెట్టిపో అంది. మిషను మీద పెట్టి వచ్చాను. ఆ తర్వాతి పొద్దున బడికి వెళ్తూ ఆమె దగ్గర నా బెల్టు తీసుకుని కట్టుకున్నాను. బకిల్ గట్టిగా ఉంది. బెల్టు కూడా మునుపటికంటే గట్టిగా ఉన్నట్టు అనిపించింది.

ఆ శుక్రవారమంతా రాత్ కోసం ఎదురుచూశాను. అక్క మధ్యాహ్నం టేపు మెడలో వేసుకుని వచ్చి, పెద్దసారు గదిలోకి వెళ్ళి బయటికి రావడం కళ్ళారా చూశాను. చప్రాసీ తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని చేతిలో కాగితం ఉందేమోనని చూశాను. రెండుసార్లు సుద్దముక్కల కోసం వచ్చాడు, ఒకసారి ఊరికే వచ్చాడు. అత్వెల్లి పిల్ల నా పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంది. నేను కదిలినప్పుడల్లా ఎక్కడో కాగితం చప్పుడు వినపడింది. సంచిలోది అనుకున్నాను.

బడి విడవగానే అక్క ఇంటికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. కాగితం పెట్టిపొమ్మని చెప్పి పెద్దసారుకు ఇవ్వలేదని, నన్ను మోసం చేసిందని అన్నాను. అక్క దారం పంటితో తెంపి, నీ కాగితం ఎక్కడికీ పోలేదు, నీ నడుముకే ఉంది అంది. ముందు అర్థం కాలేదు. వేళ్ళతో బెల్టు నొక్కితే గరగరమంది. కాన్వాసుతో పాటు నా ఫిర్యాదు కూడా లోపల పెట్టి నాలుగు వైపులా కుట్టేసింది.

ఏడుపు వచ్చింది. అక్క నన్ను బుజ్జగించలేదు. పీట మీద కూర్చోబెట్టి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. "నీ కోపం నీ చేతిల ఉంటది. పెంచుతవ్, దించుతవ్, నీ ఇష్టం. గీ కాయితం పెద్దసారు చేతిల వెట్టినవనుకో, ఇగ గది నీ కోపం గాదు, ఆయన రాత్ అయితది. రేపు నువ్వే వద్దన్నా ఆగది. అందుకే నీ దగ్గర్నే వెట్టిన. ఇయ్యాలనిపిస్తె కుట్టు ఇప్పుకొని ఇచ్చెయ్," అని కుట్లు విప్పే సగం బ్లేడు ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆదివారం మీ అమ్మ యూనిఫాం నానబెడుతుంది, నీళ్ళలో పడితే కాగితం పిండైపోతుంది, కాబట్టి శనివారం ఒక్కటే నీకు గడువు అని కూడా చెప్పింది.

అప్పటికి బయట చీకటి పడుతోంది. అక్క లేచి లైటు వేస్తూ, మా ఇంట్లో ఒక మాట ఉంది, రాత్‌ని రాత్రి దాకా ఉంచుకోవద్దని మా అమ్మ అంటుండేది, చూశావా నీ అర్థం కూడా మరీ దూరం పోలేదు అంది. అక్క నన్ను నవ్వించడానికే అన్నది. నేను నవ్వలేదు. బ్లేడు జామెట్రీ బాక్సులో పెట్టుకుని వచ్చాను.

శనివారం ఒంటిపూట బడి. మొదటి గంటలోనే సారు డిక్టేషన్ కాగితాలు పంచి, ఇంట్లో సంతకం పెట్టించుకుని రమ్మన్నాడు. అత్వెల్లి పిల్ల తన కాగితం అందుకున్న వెంటనే పుస్తకం కింద దాచింది. దాచిందంటే చూడాల్సిందే. రెండో గంటలో ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు లాగి చూశాను. ఆరో మాట దగ్గర ఆర్ ఎ టి హెచ్ అని ఉంది. పక్కన నీలం సిరాతో 'రాత్రి' అని ఉంది. దాని చుట్టూ నా కాగితం మీద ఉన్నటువంటి ఎర్ర సున్నా.

ఆమె వచ్చేసరికి కాగితం నా చేతిలోనే ఉంది. లాక్కోలేదు. మధ్యలో ఉన్న సంచిని జరిపి కూర్చుంది. పాఠం చెప్పిన రోజు ఆరోది రాసుకునేలోపు సారు బోర్డు తుడిచేశాడని, నిజంగా అదే అర్థమనుకుని నాకు చెప్పానని అంది. మరి నవ్వావెందుకు అని అడిగాను. మూడు రోజుల్లో నేను ఆమెతో అన్న మొదటి మాట అది. "నీదెనుక నాదే ఉండె. నాది గుడ సదువుతడని పానం పోతాంది. అందరికంటె ముందు నవ్వితె నన్ను సూడడనుకున్న," అంది. సంతకం మా అక్కతోని పెట్టిస్తా, మీ బాపుకు చెప్పకు, ఆయన మా నాయినకు చెబితే నన్ను షెడ్డుల కూసోవెడ్తరు అని నెమ్మదిగా అడిగింది. ఆమె వేళ్ళ చివర్లు అప్పటికే అంగూరు రసానికి నల్లబడి ఉన్నాయి. ఆదివారాలు వాళ్ళక్కతో పాటు షెడ్డుకు వెళ్తుందని నాకు తెలుసు.

నేను ఆమెను క్షమించానని చెప్పను. భయానికి నవ్వు వస్తుంది, ఒప్పుకుంటాను. అందరికంటే ముందే ఎందుకు రావాలి? నా పరువు అడ్డం పెట్టుకుని తన భయం దాచుకుంది. ఈ మాట అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. జామెట్రీ బాక్సు తెరిచి బ్లేడు చూశాను కూడా. పెద్దసారు గది మా తరగతికి మూడు గదుల అవతలే. కానీ కుట్టు విప్పి ఇస్తే పెద్దసారు నా నవ్వులపాటును చూడడు, ఆమె మాట్లాడిన తప్పునే చూస్తాడు. సోమవారం నా పక్కన బెంచీ ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఆమె మీద నాకున్న కోపాన్ని నేను ఎవరి మీద చూపించుకోవాలి? ఆ ఆలోచన మంచిదో కాదో నాకు తెలియదు. దానికే నా చెయ్యి ఆగింది. బాపుకు చెప్పనులే అన్నాను. పప్పుగారె మాత్రం ఆ రోజు పెట్టలేదు.

ఆదివారం పొద్దున అమ్మ బట్టలన్నీ సబ్బునీళ్ళలో వేస్తుంటే నేను పరుగెత్తుకెళ్ళి బెల్టు లాక్కున్నాను. ఉతకనివ్వనన్నాను. గౌను ఉతికి బెల్టు ఉతక్కపోతే ఎలా, చెమట వాసనొస్తాంది, ఇటు ఇయ్యి అని అమ్మ తిట్టింది. దెబ్బ కూడా వేసింది. ఇవ్వలేదు. కాగితం పెద్దసారుకు ఇవ్వబుద్ధి కాలేదు, అలాగని నీళ్ళలో కరిగిపోనివ్వడానికీ మనసు రాలేదు. నాకు జరిగింది జరిగింది. దాన్ని పిండి చేసి ఎందుకు పారబోయాలి? చర్చికి బయల్దేరిన అక్క గోడ పక్కన నిలబడి ఇదంతా చూసింది. "నేను రెండు తొవ్వలు సూపెడితె గీమె మూడోది వట్టింది," అని మా అమ్మతో అంది. అప్పుడు నవ్వింది. ఆ ఒక్క నవ్వు మీద నాకు ఫిర్యాదు లేదు.

పదో తరగతి దాకా ఆ బెల్టే కట్టుకున్నాను. తడిగుడ్డతో పైపైన తుడుచుకునేదాన్ని. ప్రతి జూన్‌లో నా నడుము పెరిగితే అక్క ఒక చివర కొత్త గుడ్డముక్క అతికేది, లోపలి కుట్టు మాత్రం ముట్టుకునేది కాదు. నువ్వు కూర్చుంటే బెల్టు ఏందే అట్ల సప్పుడు చేస్తది అని అత్వెల్లి పిల్ల ఒకసారి అడిగింది. కొత్త కాన్వాసు అన్నాను. ఆమె పదో తరగతి పాసై, నాకంటే పన్నెండు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. అది కూడా నాకు గుర్తే. ఇప్పుడు తూంకుంటలో ఉంటోంది. ఫోను చేస్తే ఇవాళ్టికీ నన్ను రాత్ కీ రాణి అనే పిలుస్తుంది, నేను ఇవాళ్టికీ ఆమెను అలా పిలవొద్దనే అంటాను.

నేను ఫిర్యాదులు రాయడం మానలేదు. ఆపకుండా వెళ్ళిపోయిన బస్సు గురించి, మా వీధిలో దుమ్ము లేపే టిప్పర్ల గురించి, మూడు వారాలు వెలగని వీధిదీపం గురించి రాస్తూనే ఉంటాను. చాలావరకు పంపిస్తాను. కానీ ఏ కాగితంలోనైనా ఒక మనిషి పేరు రాయాల్సి వచ్చినప్పుడు పెన్ను పక్కన పెట్టి, ఇది ఎవరి చేతిలో పడుతుంది, అక్కడి నుంచి ఎవరి మీద పడుతుంది అని ఒక పూట ఆలోచిస్తాను. అప్పుడు నాకు తెలియకుండానే నా చెయ్యి నడుము దగ్గరికి వెళ్తుంది.

బెల్టు నా బీరువాలో, చీరల అడుగున ఉంది. నీలిరంగు వెలిసిపోయింది. నొక్కితే లోపల కాగితం ఇప్పటికీ గరగరమంటుంది. అక్క వేసిన కుట్టు వేసినట్టే ఉంది. సగం బ్లేడు ఎక్కడుందో కూడా నాకు తెలుసు.